ఈడీకి (అంగస్తంభన సమస్యకి) 0 శాతం వచ్చిందంటే క్లెయిమ్ పోయినట్టు కాదు

మీరు అడిగింది ఇదీ: మావ్నీ (పౌరసత్వం లేనివాళ్లని సైన్యంలో చేర్చుకున్న పథకం) కింద అమెరికా ఆర్మీలో చేరారు, 2022లో బయటికొచ్చారు. పీటీఎస్‌డీకి (ఘోరమైన అనుభవాల తరవాత మిగిలే మానసిక జబ్బు) 50 శాతం, నడుముకి 20 శాతం వైకల్య రేటింగ్ వస్తోంది. పీటీఎస్‌డీకి సెర్ట్రలైన్ మాత్ర మొదలుపెట్టాక అంగస్తంభన సమస్య వచ్చింది. క్లెయిమ్ వేస్తే నాలుగు నెలల కిందట వీఏ (అమెరికా ప్రభుత్వ వెటరన్ల శాఖ) నుంచి ఉత్తరం వచ్చింది, సర్వీస్ కనెక్టెడ్, అంటే సైన్యంలో పనితో ముడిపడిన జబ్బే అని రాసి పక్కనే 0 శాతం పెట్టారు. మీతో పనిచేసిన ఒకాయనకి ఇదే జబ్బుకి 20 ఇచ్చారట. ఇప్పుడు ఒక కన్సల్టింగ్ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి, ఆ సున్నాని తిప్పి మొత్తం 100కి తీసుకెళ్తామంటున్నారు. అప్పీల్ చేయాలా, వాళ్లకి డబ్బు కట్టాలా అన్నది ప్రశ్న.

సున్నా మీద అప్పీల్ చేయొద్దు. కంపెనీకి పైసా కట్టొద్దు. ముందు ఆ ఉత్తరం బయటికి తీసి, 0 ఉన్న లైను వదిలేసి దాని కింద ఏముందో చదవండి.

ఈడీ రేటింగ్ కోడ్ 7522. 2021 నవంబర్ 14 నుంచి ఆ కోడ్ కింద ఉన్నది ఒక్కటే అంకె, అది 0. అంగం ఆకారంలో లోపం ఉన్నా, లేకపోయినా 0. ఆ కోడ్ కింద అంతకుమించి ఇచ్చే అధికారం రేటర్‌కి (శాతం నిర్ణయించే వీఏ ఉద్యోగికి) లేదు, పైన సమీక్షించే వాళ్లకీ లేదు. అంటే మీరు 10 కోసమో 20 కోసమో ఎన్నిసార్లు అప్పీల్ చేసినా, లేని మెట్టు ఎక్కించమని అడిగినట్టే.

మరి మీ స్నేహితుడికి 20 ఎలా వచ్చింది? పాత నిబంధనలో 20 ఉండేది. కానీ అదీ ఉత్తి ఈడీకి కాదు. అంగంలో వైకల్యం ఉండాలి, దానికి తోడు స్తంభన శక్తి పోవాలి. పెయ్రోనీస్ జబ్బుతో అంగం వంకర తిరిగినవాళ్లు, గాయాలైనవాళ్లు, అలాంటి వాళ్లకి వచ్చేది. మాత్రల వల్లో, షుగర్ వల్లో ఈడీ వచ్చిన మామూలు కేసుల్లో అప్పుడూ 0నే ఇచ్చేవారు. ఆయనకి 2021 కంటే ముందు వచ్చి ఉంటే, పట్టిక మారిందన్న ఒక్క కారణంతో వీఏ దాన్ని తగ్గించకూడదు. జబ్బు నిజంగా మెరుగైందని తేలితేనే తగ్గించాలి, చట్టంలోనే అలా ఉంది. అందుకే ఆయనది నిలిచింది. ఆయన కాగితాలు చూసి మీ కాగితాలు బేరీజు వేసుకోవద్దు.

మీ బాధ అర్థం కాక చెప్పడం లేదు. లెక్క వేసి చూద్దాం. వీఏ లెక్కలో 50కి 20 కలిస్తే 60 (మిగిలిన 50లో 20 శాతం అంటే 10). దానికి ఇంకో 20 కలిస్తే 68, దగ్గరి పదికి సవరిస్తే 70. 2025 రేట్లలో, భార్యాపిల్లల్ని లెక్కలోకి తీసుకోకుండా, 60 శాతానికి నెలకి 1,395.93 డాలర్లు, 70కి 1,759.19. అంటే ఆ 20 ఉండి ఉంటే నెలకి 363 డాలర్ల పైచిలుకు తేడా. చిన్న మొత్తమేమీ కాదు. కానీ ఆ తలుపు మూసేశారు, దాని ముందు నిలబడితే లాభం లేదు.

తెరిచి ఉన్న తలుపు పేరు ఎస్ఎంసీ-కే. స్పెషల్ మంత్లీ కాంపెన్సేషన్, కే రేటు. ఉత్తరంలో ఇది ఇంకో పేరుతో కనిపిస్తుంది: "లాస్ ఆఫ్ యూజ్ ఆఫ్ ఎ క్రియేటివ్ ఆర్గాన్", అంటే సంతానోత్పత్తి అవయవం పనిచేయకపోవడం. ఈడీకి సర్వీస్ కనెక్షన్ ఇచ్చినప్పుడు దీనికి అర్హత ఉందా అని చూడాలని రేటింగ్ పట్టికలో కోడ్ పక్కన ఫుట్‌నోటే ఉంది. 2025 రేట్లలో ఇది నెలకి 136.06 డాలర్లు. ఏటా ధరల సవరణతో పెరుగుతుంది, పన్ను లేదు. ఇది శాతాల లెక్కలో కలవదు, మొత్తం మీద విడిగా పడుతుంది. అంటే 2025 లెక్కలో మీ 1,395.93 మీద 136.06, వెరసి 1,531.99. ఈడీ రేటింగ్ 0 అయినా సరే ఇది వస్తుంది. ఆ సున్నా విలువంతా ఇక్కడే ఉంది. రెండో లాభం, సర్వీస్ కనెక్టెడ్ జబ్బుకి వీఏలో చేయించుకునే వైద్యానికీ, మందులకీ కోపే (మన జేబులోంచి కట్టే వాటా) ఉండదు.

మాత్ర వేసుకుంటే పనవుతోంది కదా, అలాంటప్పుడు ఇది ఇస్తారా అని చాలామందికి అనుమానం. ఇస్తారు. మందుతో ఫలితం ఉందన్న కారణంతో కే రేటు ఆపకూడదు. మాత్ర లేకుండా పరిస్థితి ఏమిటన్నదే చూడాలి.

కాబట్టి ఉత్తరంలో ఆ క్రియేటివ్ ఆర్గాన్ వాక్యం ఉందో లేదో వెతకండి. "గ్రాంటెడ్" అని ఉండి తేదీ ఉంటే మీ పని అయిపోయింది, బ్యాంకులో పడే మొత్తం సరిపోతోందో లేదో మాత్రం చూసుకోండి. ఆ వాక్యం ఎక్కడా లేకపోతే, లేదా "డినైడ్" అని ఉంటే, అప్పుడు పోరాడాల్సింది దాని మీద. ఇది మీరు విడిగా అడగలేదు కదా అని వీఏ తప్పించుకోలేదు. సాక్ష్యం ఉన్నచోట ఎస్ఎంసీని తనంతట తానే పరిశీలించాలని వెటరన్ల క్లెయిముల కోర్టు 1991లో, ఏకిల్స్ కేసులో తేల్చింది.

అలా అయితే, ఉత్తరం తేదీ నుంచి ఏడాది లోపు ఉన్నారు కాబట్టి హయ్యర్ లెవెల్ రివ్యూ అడగండి, ఫారం 20-0996. కొత్త కాగితాలేమీ పెట్టే పని లేదు, అసలు పెట్టనివ్వరు కూడా. అనుభవమున్న ఇంకో రేటర్ పాత ఫైలే మళ్లీ చూస్తాడు. ఫోన్లో మాట్లాడతామని టిక్ పెడితే ఇన్ఫార్మల్ కాన్ఫరెన్స్‌కి పిలుస్తారు. అప్పుడు కథంతా చెప్పకండి. "7522 కింద సర్వీస్ కనెక్షన్ ఇచ్చారు, ఎస్ఎంసీ-కే గురించి నిర్ణయం రాయలేదు" అని రెండు ముక్కలు చాలు. ఏడాది దాటనిస్తే పాత తేదీ నుంచి రావాల్సిన బకాయి పోయే ప్రమాదం ఉంది. ఏడాది లోపు వేస్తే మొదటి తేదీ నిలుస్తుంది.

ఇంతవరకూ మీ ఉత్తరం సంగతి. ఇప్పుడు ఇంకా క్లెయిమ్ వేయనివాళ్లకీ, వేసి డినయల్ తెచ్చుకున్నవాళ్లకీ పనికొచ్చేది చెప్తాను. ఎందుకంటే మనవాళ్ల ఈడీ క్లెయిములు ఎక్కువగా ఓడిపోయేది సున్నా దగ్గర కాదు, సర్వీస్ కనెక్షన్ దగ్గర.

ఈడీ నేరుగా సర్వీసులోనే మొదలవడం తక్కువ. ఎక్కువగా సెకండరీ, అంటే ఇప్పటికే సర్వీస్ కనెక్ట్ అయిన ఇంకో జబ్బు వల్లో, దాని మందుల వల్లో వచ్చేది. పీటీఎస్‌డీకి ఇచ్చే సెర్ట్రలైన్, పారాక్సెటీన్ రెండూ లైంగిక సమస్యలు తెచ్చిపెట్టేవే, ఆ మాట మందు వివరాల కాగితంలోనే ఉంటుంది. బీపీ మందుల్లో థయజైడ్లు, కొన్ని బీటా బ్లాకర్లు. ప్రొస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్, రేడియేషన్. నడుములో నరం నొక్కుకుపోవడం. అన్నిటికీ మించి షుగర్.

షుగర్ దగ్గర కాస్త ఆగాలి. మనకి ఒళ్లు పెద్దగా లేకపోయినా షుగర్ వచ్చేస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలున్నవాళ్లకి బీఎంఐ 23 దగ్గర నుంచే పరీక్ష చేయమంటుంది, మిగతావాళ్లకి 25. క్లెయిమ్‌లో ఇదెలా తగులుతుందంటే: ఎగ్జామినర్ (క్లెయిమ్ కోసం పరీక్షించే డాక్టరు) మీ ఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) చూసి "ఈడీ షుగర్ వల్ల వచ్చింది, షుగర్ సర్వీస్ కనెక్టెడ్ కాదు" అని రాశాడంటే క్లెయిమ్ గోవిందా. వియత్నాంలో పనిచేసినవాళ్లకి ఏజెంట్ ఆరెంజ్ (ఆ యుద్ధంలో చల్లిన విష రసాయనం) కింద టైప్ 2 షుగర్ దానంతటదే సర్వీస్ కనెక్ట్ అవుతుంది, మన తరానికి ఆ వెసులుబాటు లేదు. అయితే ఒకటుంది. షుగరూ బీపీ రెండూ దీర్ఘకాలిక జబ్బుల జాబితాలో ఉన్నాయి, సర్వీసు నుంచి డిశ్చార్జ్ అయిన ఏడాది లోపు కనీసం 10 శాతం స్థాయిలో బయటపడితే సర్వీసు వల్లే వచ్చినట్టు లెక్కలోకి తీసుకుంటారు. ఇప్పుడే బయటికొస్తున్న పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ఆ ఏడాది లోపు ఏ1సీ, బీపీ చూపించుకుని రికార్డులో పెట్టించుకోండి. తరవాత పదేళ్లకి చూసుకుందాంలే అనుకుంటే చేతిలో కాగితం ఉండదు.

గొలుసు కూడా పనిచేస్తుంది. మోకాలి గాయం వల్ల కదల్లేక ఒళ్లు చేసి, దాని వల్ల షుగర్ వచ్చి, దాని వల్ల ఈడీ వచ్చిందనుకోండి. ఒబేసిటీకి విడిగా రేటింగ్ లేకపోయినా, మధ్యలో మెట్టుగా లెక్కలోకి తీసుకోవచ్చని వీఏ న్యాయవిభాగం 2017లో అభిప్రాయం ఇచ్చింది. కాకపోతే ప్రతి లింకుకీ డాక్టరు మాట కావాలి. మనం గీసుకున్న బాణం గుర్తులు చెల్లవు.

ఆ డాక్టరు మాటనే నెక్సస్ అంటారు. అందులో ఉండాల్సిన వాక్యం "ఎట్ లీస్ట్ యాజ్ లైక్లీ యాజ్ నాట్", అంటే అవకాశం సగానికి సగమైనా ఉందని. కచ్చితంగా ఇదే కారణం అని చెప్పక్కర్లేదు, ఇదొక్కటే కారణమనీ చెప్పక్కర్లేదు. రెండు వైపులా సమానంగా ఉంటే వెటరన్ వైపు మొగ్గాలని చట్టం. అలాగే "కలిగించింది" అన్నదొక్కటే కాదు, "ముదిరేలా చేసింది" అన్నదీ కారణమే. ఎగ్జామినర్ మొదటిదానికే జవాబు రాసి రెండోది వదిలేస్తే ఆ రిపోర్టు చెల్లదని 2013లో ఎల్-అమీన్ కేసులో తీర్పుంది. డినయల్ వచ్చినవాళ్లు ఎగ్జామ్ రిపోర్టు తెప్పించుకుని ముందు ఈ లోపం ఉందేమో చూడండి. వయసు మీద తోసేసే రిపోర్టులు చాలా వస్తాయి. ముప్ఫై ఎనిమిదేళ్లవాడికి వయసేమిటి నా మొహం.

సాక్ష్యం దగ్గర మనవాళ్లు చేసే పని ఒకటుంది. సెలవుకి హైదరాబాదో విజయవాడో వెళ్లినప్పుడు మందుల షాపులో సిల్డెనాఫిల్ (వయాగ్రా మందు) కొని సూట్‌కేసులో పెట్టుకొస్తారు. లేకపోతే ఆన్‌లైన్లో తెప్పించుకుంటారు. వీఏ డాక్టరుకి మాత్రం నోరు విప్పరు. ఫలితం, రికార్డులో జబ్బు పేరే ఉండదు. జబ్బు ఉందని డాక్టరు రాయనిదే మొదటి మెట్టే ఎక్కరు. వీఏ ప్రైమరీ కేర్ డాక్టరుకి సెక్యూర్ మెసేజ్ పెట్టినా చాలు, ఎదురుగా కూర్చుని చెప్పడం ఇబ్బందైతే. ఏ నెలలో ఏ మందు మొదలైంది, ఎన్నాళ్లకి సమస్య కనిపించింది అని రాయండి. ఆ తేదీల వరుసే సగం నెక్సస్.

దొంగచాటు మాత్రలతో ఇంకో గొడవ. గుండె నొప్పికి నైట్రేట్లు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ వేసుకుంటే బీపీ ప్రాణం మీదికొచ్చేంత పడిపోతుంది. పీడకలలకి వీఏలో తరచుగా ఇచ్చే ప్రాజోసిన్‌తో కలిసినా తల తిరిగి పడిపోయే అవకాశం ఉంది. డాక్టరుకి తెలిస్తే మోతాదు చూసి ఇస్తారు. గుండె మాట వచ్చింది కాబట్టి, అంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు గుండె నాళాల కంటే సన్నం, పూడిక ముందు అక్కడే తెలుస్తుంది. నలభై లోపల ఈడీ వస్తే క్లెయిమ్ సంగతి తరవాత, ముందు కొలెస్టరాల్, షుగర్, బీపీ చూపించుకోండి. మీకు నడుము సమస్య కూడా ఉంది. ఎప్పుడైనా ఒక్కసారిగా మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, తొడల మధ్య మొద్దుబారినా ఎమర్జెన్సీకి పరుగెత్తండి, అపాయింట్‌మెంట్ కోసం చూడొద్దు.

సి అండ్ పి ఎగ్జామ్ (క్లెయిమ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష) అంటే మగవాళ్లకి భయం, బట్టలిప్పమంటారేమో అని. ఎగ్జామినర్ నింపే ఫారంలో, అంటే పురుష జననాంగాల డీబీక్యూ అనే ప్రశ్నల పత్రంలో, "వెటరన్ కోరిక మేరకు పరీక్షించలేదు" అనే గడి ఉంది. అంగంలో వైకల్యం ఏమీ లేదని మీరు చెప్తే చాలు, ఆ గడి టిక్ పెట్టి ముందుకెళ్తారు. మందుల వల్ల వచ్చిన ఈడీకి దానివల్ల నష్టమేమీ లేదు. అసలు ముఖ్యమైన ప్రశ్నలు రెండే. మందు లేకుండా సంభోగానికి సరిపోయేంత స్తంభన, స్ఖలనం ఉన్నాయా? మందుతో ఉన్నాయా? మన అలవాటేమో, తెల్లకోటు కనిపించగానే "ఆల్ గుడ్ డాక్టర్" అనడం. ఎలా ఉన్నారంటే బాగున్నాను అనడం మర్యాద అనుకుంటాం. ఆయన అదే రాసుకుంటాడు. "మాత్ర వేసుకుంటే ఫర్వాలేదు" అని ఊరుకోకుండా, మాత్ర లేకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. కోరిక లేకపోవడం వేరు, కోరిక ఉండి స్తంభన లేకపోవడం వేరు. మొదటిది ఒక్కటే చెప్తే దాన్ని పీటీఎస్‌డీ లక్షణంగా లెక్కేసి వదిలేస్తారు. ఉన్నదేదో ఉన్నట్టు చెప్పండి, పెంచొద్దు, తగ్గించొద్దు.

మీ ఆవిడ స్టేట్‌మెంట్ రాయడానికి ఒప్పుకోవడం లేదన్నారు. బలవంతం చేయకండి. అది తప్పనిసరి కాదు, మీకు సర్వీస్ కనెక్షన్ వచ్చేసింది కాబట్టి అసలు అవసరమే లేదు. అవసరమైన ఇంట్లోనైనా, ఫారం 21-10210లో నాలుగు వాక్యాలు చాలు. ఫలానా సంవత్సరం వరకూ మా దాంపత్యం మామూలుగా ఉండేది, ఫలానా మందు మొదలయ్యాక మారింది, ఇప్పుడు ఇలా ఉంది. పడకగది వర్ణనలు ఎవరూ అడగరు. ఆ కాగితం మీ ఆఫీసుకో, ఊళ్లో చుట్టాలకో చేరుతుందన్న భయం పెట్టుకోవద్దు, మీ అనుమతి లేకుండా వీఏ ఆ ఫైలు వాళ్ల చేతికివ్వదు.

ఇక ఆ కంపెనీ. మొదటి క్లెయిమ్ తయారుచేసిపెట్టినందుకు ఫీజు తీసుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం ఎవరికీ కుదరదు, లాయరుకి కూడా. వీఏ ఒకసారి నిర్ణయం ఇచ్చాకే ఫీజు మాట, అదీ వీఏ గుర్తింపు ఉన్న లాయరుకో ఏజెంటుకో మాత్రమే. వచ్చిన బకాయిలో 20 శాతం దాకా న్యాయమైనదని, 33.33 శాతం దాటితే అన్యాయమని వీఏ నిబంధన. మీకు ఫోన్ చేసినవాళ్లు పెరిగిన నెలసరి మొత్తానికి ఇన్ని రెట్లు అని అడుగుతుంటే, వాళ్లకి గుర్తింపు లేదనే అర్థం చేసుకోండి. గుర్తింపు లేకుండా వసూలు చేసేవాళ్లకి వేసే శిక్షని 2006లో చట్టం నుంచి తీసేశారు, అందుకే వీళ్లు బరితెగించారు. పేరు చెప్పమని అడిగి వీఏ జనరల్ కౌన్సెల్ (న్యాయవిభాగం) సైట్లో వెతకండి, గుర్తింపు ఉందో లేదో నిమిషంలో తెలిసిపోతుంది. డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ, అమెరికన్ లీజియన్ లాంటి వెటరన్ల సంఘాలు, మీ కౌంటీ వెటరన్ సర్వీస్ ఆఫీసర్, వీళ్లంతా ఉచితంగా చేస్తారు. మన కౌంటీ ఆఫీసరు నిదానం, ఫోన్ ఎత్తడు అంటారు కొందరు. నిజమే, కొన్నిచోట్ల ఎత్తరు. అయినా వేల డాలర్లు ఇచ్చుకోవడం కంటే రెండోసారి ఫోన్ చేయడం నయం.

60 నుంచి పైకి వెళ్లాలంటే దారి ఈడీలో లేదు, మిగతావాటిలో ఉంది. నడుముకి 20 ఇచ్చారు, కాళ్లలోకి దిగే తిమ్మిరి, మంట ఉంటే రాడిక్యులోపతీ అని ఒక్కో కాలికి విడిగా రేటింగ్ ఉంటుంది. అది అడిగారా? పీటీఎస్‌డీకి 50 ఇచ్చిన తరవాత పరిస్థితి దిగజారిందా? ఉద్యోగం నిలబడుతోందా, ఇంట్లో మాటలున్నాయా, నిద్ర ఎలా ఉంది? నిజంగా ముదిరితేనే పెంచమని అడగండి. ఒకసారి ఫైలు తెరిస్తే తగ్గించే అవకాశం కూడా ఉంటుంది, ఆ కంపెనీ వాళ్లు ఈ మాట చెప్పరు. ఏదైనా కొత్తగా వేయదలిస్తే ముందు ఇంటెంట్ టు ఫైల్ (క్లెయిమ్ వేయబోతున్నానని తెలిపే కాగితం) పెట్టండి, ఫారం 21-0966. ఏడాది పాటు తేదీ మీదే, తీరిగ్గా కాగితాలు పోగుచేసుకోవచ్చు.

ఆడవాళ్లకి దీనికి సాటి కోడ్ 7632, ఫీమేల్ సెక్సువల్ అరౌజల్ డిజార్డర్. 2018 నుంచి ఉంది, రేటింగ్ అక్కడా 0నే, ఎస్ఎంసీ-కే అక్కడా వర్తిస్తుంది. మన అమ్మాయిలు చాలామంది సర్వీసులో ఉన్నారు, వాళ్లకిది ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా.

చివర్లో అడిగారు, రెండేళ్లలో ఇండియా వెళ్లిపోతే ఇవన్నీ ఆగిపోతాయా అని. ఆగవు. కాంపెన్సేషన్ ఎక్కడున్నా వస్తుంది. ఇండియాలో ఉన్నవాళ్ల క్లెయిములు పిట్స్‌బర్గ్ ఆఫీసు చూస్తుంది. వైద్యానికి ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్ ఉంది, కానీ అది సర్వీస్ కనెక్టెడ్ జబ్బులకే. అక్కడ కూడా ఈ 0 శాతం కాగితమే మీ అర్హత. వెళ్లేముందే ఫారిన్ మెడికల్ ప్రోగ్రామ్‌లో పేరు నమోదు చేసుకోండి, అడ్రసు మార్పించుకోండి, పెండింగ్‌లో ఎగ్జామ్ ఏదైనా ఉంటే ఇక్కడే ముగించుకోండి. అక్కడ నుంచి అపాయింట్‌మెంట్ దొరకబుచ్చుకోవడం పెద్ద తలనొప్పి.

ఉత్తరంలో "రీజన్స్ ఫర్ డెసిషన్" అనే భాగం ఉంటుంది. పేరు, ఫైలు నంబరు కొట్టేసి అందులో ఈడీకి సంబంధించిన పేరా మాత్రం ఇక్కడ పెట్టండి. ఎస్ఎంసీ-కే ఇచ్చారో, మర్చిపోయారో, కాదన్నారో చూసి 20-0996లో ఏం రాయాలో చెప్తాను.